గుక్కెడు నీళ్లు, ఒక పేరు

అవ్వ పోయిందన్న కబురు నాకు మిషన్ మీద ఉండగా అందింది. ఎడమ చేతిలో రెండు సూదులున్నాయి. నాలుగు గంటల్లో ఇంకా రెండున్నర గంటలు మిగిలి ఉన్నాయి. డయాలసిస్ గదిలో పనిచేసే సిస్టర్ వచ్చి, ఫోన్ చేతిలో పట్టుకొని, నా మంచం పక్కన నిలబడింది. తర్వాత మెల్లగా చెప్పింది, తెల్లవారుజామున పోయిందట, మరో గంటలో తీసుకెళ్తారట అని. జనగామ ఎంత ఊరని, ఆటో ఎక్కితే పది నిమిషాలు. కానీ ఒంట్లో నెత్తురు గొట్టాల్లో తిరుగుతున్నవాడు ఎక్కడికి లేచి పోతాడు? ఆమె కూర్చునే స్టూలు ఖాళీగా నా కుడివైపునే ఉంది. దాన్ని చూసి ఏడ్చాను. అరవై ఎనిమిదేళ్ల మనిషిని, గదిలో అందరి ముందు, ముక్కు తుడుచుకోవడానికి ఒక్క చెయ్యే మిగిలినవాణ్ని, దాచుకోవడం కూడా చేతకాలేదు.

ఆమె నాకు చుట్టం కాదు. మా కులమూ కాదు. అయినా నేను ఈ నాలుగేళ్లు బతికి ఉండటానికి ఒక సగం మిషన్ కారణమైతే, ఇంకో సగం ఆమె.

నా సంగతి కొంత చెప్పకపోతే ఆమె సంగతి మీకు అర్థం కాదు. నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లను తిట్టీ తిట్టీ నోరు చెడిపోయినవాణ్ని. షుగరు, బీపీ కలిసి రెండు కిడ్నీలనూ తినేశాక ఆ నోరు ఇంకా చెడింది. రోజుకు అర లీటరు నీళ్లకు మించి తాగొద్దన్నారు. ఎండాకాలం, జనగామ, అర లీటరు. కూరలో ఉప్పు లేదని ఒకరోజు అన్నం కంచం నా భార్య మీదికి విసిరాను. అంచు తగిలి కనుబొమ్మ చీలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మంచివాణ్నని చెప్పుకోవడానికి నేనిది రాయడం లేదు.

అవ్వను మొదటిసారి పట్టించుకొని చూసింది నా నెత్తుటిలోనే. డయాలసిస్ మొదలైన రెండో నెల అనుకుంటా. ఒంట్లో నీరు ఎక్కువ చేరిందని, మంచం మీద ఉండగా గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వనన్నది సిస్టర్. నేను బతిమాలాను, తర్వాత తిట్టాను, ఆ తర్వాత ప్లాస్టరు చింపి సూది పీకేశాను. నెత్తురు గోడ మీదికి చిమ్మింది. మిషన్ అరవడం మొదలుపెట్టింది. పక్క మంచం దగ్గర కూర్చున్న ఒక ముసలావిడ లేచి వచ్చి, నా చేతిలోని ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి అదిమిపట్టింది. ఎనభై దాటిన మనిషికి అంత బలం ఎక్కడిదో నాకు తెలియదు. ఆమె చెయ్యి మోచేతి దాకా ఎర్రబడింది, చీర తడిసింది.

"కదలకు," అన్నది. "కదిలితే చస్తవు. చచ్చుడే కావాల్నంటె ఇంకో దినం పెట్టుకో. ఇయ్యాల నాకు పనుంది."

సిస్టర్ వచ్చి కట్టు కట్టాక, ఆమె చేతులు కడుక్కొని మళ్లీ వచ్చి కూర్చుంది. నేను ఆమె చీర వైపు చూస్తుంటే, నెత్తురు ఇట్లా చిమ్మడం తను చిన్నప్పుడే చూశానని చెప్పింది. ఎక్కడ చూశావని నేను అడగలేదు.

నేను చేరకముందు ఆమె కూతురు అదే గదిలో, కిటికీ పక్క మంచం మీద మూడేళ్లు డయాలసిస్ చేయించుకొని చనిపోయింది. దినాలయ్యాయి. ఇక ముసలావిడ ఇటు రాదనే అందరూ అనుకున్నారట. మరునాడు పొద్దున్నే వచ్చి, కూతురి మంచం మీద కొత్తగా చేరిన మనిషి పక్కన స్టూలు వేసుకొని కూర్చుంది. డాక్టరమ్మ చూసి ఉండనిచ్చింది. అప్పటినుంచీ వస్తూనే ఉంది.

ఏం చేసేదని అడిగితే చెప్పడం కష్టం. సూదులు లేని చేతివైపు కూర్చునేది. ఆ చెయ్యి పట్టుకునేది. మహబూబాబాద్ దిక్కు నుంచి వచ్చే ఒక టీచరమ్మ ప్రార్థన చేసుకుంటుంటే తనూ తల వంచేది. అంగట్లో కిరాణా కొట్టున్న ఒక సేటుకు పిక్కలు పట్టేసి అరుస్తుంటే, చిల్పూరు బుగులు వెంకన్న గుట్ట ఎట్లా ఎక్కుతావో చెప్పమనేది. ఆయన పళ్లు బిగబట్టి చెప్పేవాడు, ఇక్కడ చెప్పులు విడుస్తాం, ఇక్కడ కొబ్బరికాయలమ్ముతారు అని. గుట్ట పైకి చేరేసరికి నొప్పి కొంత సడలేది. దేవుడి పేరెత్తితే మండిపడే ఒక కూలి పిల్లకు మాత్రం కూర్చొని జడ వేసేది.

"నీ దేవునికి నువ్వే చెప్పుకో. నేను పక్కన కూసుంట," ఇదే ఆమె మాట. ఎవరు కన్నీళ్లు పెట్టినా ఇదే.

నాకు దేవుడు లేడని ఆమె పరిచయమైన మొదటి వారమే చెప్పేశాను. అయితే తిట్టుకోవడానికి ఎవరూ లేరు కదా పాపం, నన్ను తిట్టుకో అన్నది. గదిలో అందరూ నవ్వారు. చాలా నెలల తర్వాత నేను కూడా నవ్వాను.

ఆమె నేర్పిన విద్య ఒకటుంది. ఎక్కడో వెతికి నాకొక చిన్న ఇత్తడి గ్లాసు తెచ్చి ఇచ్చింది. రోజంతా తాగే నీళ్లు దీంతోనే తాగమంది. గుక్క నోట్లో పట్టాలి, వెంటనే మింగకూడదు. ఒక మనిషిని తలుచుకోవాలి. ఆ మనిషి ముఖం కళ్లముందు కనిపించాకే మింగాలి. "ఊకె మింగితె నీళ్లు. యాది చేసుకొని మింగితె దూప తీరుతది," అనేది. పిచ్చి పని అనుకున్నాను. దాహం తట్టుకోలేక చేసి చూశాను. పని చేసింది. నా మొదటి గుక్క నా భార్యది. ఆ కనుబొమ్మ కళ్లముందుకు వచ్చింది, మింగడానికి చాలాసేపు పట్టింది.

ఆ రోజుల్లోనే ఒకసారి మాది ఏ ఊరని అడిగింది. బచ్చన్నపేట దిక్కు ఫలానా ఊరని, ఫలానా ఆయన కొడుకునని చెప్పాను. నా చెయ్యి నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది. మీ బాపుకు ఎడమ చెయ్యి వంకరా అని అడిగింది. ఔను, వయసులో ఉండగా తాటిచెట్టు మీంచి పడ్డాడట అన్నాను. నీకెట్లా తెలుసంటే, ఆ దిక్కు నాకు చుట్టాలున్నారంది. నా చెయ్యి వదిలి, లేచి వెళ్లి ముఖం కడుక్కొని వచ్చి, మళ్లీ అదే చెయ్యి పట్టుకుంది. ఆ రోజు తర్వాత ఎనిమిది నెలలు దాని ఊసెత్తలేదు. ఒక్కటి మాత్రం మారింది. గదిలోకి రాగానే మొదట నా దగ్గరికే వచ్చేది.

మా బాపు గురించి నాకు తెలిసింది కొంచెమే. చిన్నప్పటి నుంచీ దొర గడీలో, కోటలాంటి ఆ ఇంట్లో, పాలేరుగా జీతం ఉన్నాడు. ఆ కాలం గురించి నోరు విప్పేవాడు కాదు. ఊరి ముందర బస్సాగే చోట ప్రతి ఎండాకాలం రెండు కుండలు పెట్టి, దినమంతా అక్కడే కూర్చునేవాడు. ఎవరినీ ముంచుకోనిచ్చేవాడు కాదు. ఆ వంకర చేత్తోనే ముంత పట్టుకొని తనే పోసేవాడు. "చాలా? ఇంకింత పొయ్యాల్నా?" అని అడిగేవాడు. చాలన్నా మళ్లీ అడిగేవాడు. నేను డ్యూటీలో ఉన్న బస్సు ఆగితే జనమంతా దిగి అటే పరుగెత్తేవాళ్లు. డ్రైవరు నన్ను తిట్టేవాడు. నాకు సిగ్గుగానూ ఉండేది, లోపల గొప్పగానూ ఉండేది.

ఎనిమిది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం నేనే అడిగాను, అవ్వా, చిన్నప్పుడు నెత్తురు చూసిన అన్నవు, ఎక్కడ అని. ఆమె నా ముఖం వైపు చూసింది. చెప్పాల్సిన రోజు వచ్చిందనుకున్నట్టుంది. మాదీ మీ ఊరే, అని మొదలుపెట్టింది.

రజాకార్ల కాలం. ఆమెకు పదమూడేళ్లు, అన్నకు పంతొమ్మిది. అన్న తలపాగాలో, దొరల మీద తిరగబడ్డ సంఘం చీటీలు పెట్టుకొని ఊరూరా తిరిగేవాడు. ఒకనాడు దొర మనుషులు జొన్నచేలో పట్టుకున్నారు. గడీ లోపల పశువుల కొట్టంలో గుంజకు కట్టేసి, సంఘపోళ్ల పేర్లు చెప్పమని కొట్టారు. మొదట చింతబరికెలతో తొడల మీద, పిర్రల మీద, అరికాళ్ల మీద. బరికెలు విరిగితే కొత్తవి తెచ్చారు. మాపటికి రజాకార్లు వచ్చి తుపాకి మడమలతో కొట్టారు. స్పృహ తప్పితే ఆగారు, తెలివి రాగానే మొదలుపెట్టారు. రెండు రోజులు. తల్లీ ఆమే గంజి కుండతో గడీ దర్వాజ ముందు నిలబడ్డారు. ఒకడు కుండను తన్నాడు. తల్లి కాళ్లు పట్టుకోబోతే తుపాకి మడమతో మూతి మీద గుద్దాడు. ముందుపళ్లు ఊడి దుమ్ములో పడ్డాయి. పదమూడేళ్ల పిల్ల వాటిని ఏరి కొంగులో కట్టుకుంది, ఎందుకో తనకూ తెలియదట.

దర్వాజ సందులోంచి అన్న కనిపించేవాడట. ఒక్క పేరు కూడా చెప్పలేదు. నీళ్లు, నీళ్లు అని మాత్రం అరిచాడు. అతని పక్కనే ఒక పడుచువాడు కాపలా ఉన్నాడు. ఎడమ చేతిలో నిండు ముంత ఉంది. ఎవడు నీళ్లిస్తే వాణ్నే గుంజకు కడతానని దొర హుకుం. అన్న అడిగినప్పుడల్లా ఆ పడుచువాడి చెయ్యి వణికి నీళ్లు కింద ఒలికేవి. ముంత మాత్రం వంచలేదు.

అతనెవరో ఆమె చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

మూడోనాడు అన్నను దర్వాజ బయట పారేశారు. మంచం మీద మోసుకొచ్చారు. తొడలు నల్లబడి, ధోతి కోస్తే గానీ ఊడిరానంతగా వాచాయి. ఉచ్చ నల్లగా వచ్చి, తర్వాత అదీ బందయింది. ముఖం ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. ఇంటికి తెచ్చిన నాలుగో రోజు ఒళ్లంతా కొట్టుకొని కొట్టుకొని పోయాడు.

నెల తిరగకముందే దొర పట్నం పారిపోయాడు. సంఘపోళ్ల దళం వచ్చి గడీ జీతగాళ్లను పట్టుకుంది. ఆ పడుచువాణ్ని చేతులు వెనక్కి కట్టి ఈమె వాకిట్లోకి తెచ్చారు. వీణ్ని ఏం చేయాలో మీరే చెప్పండమ్మా అని తల్లినడిగారు. తల్లి మూతికి కొంగు అడ్డం పెట్టుకొని మాట్లాడలేదు. పదమూడేళ్ల పిల్ల మాట్లాడింది.

"గా ముంత పట్టిన చెయ్యి ఇరగ్గొట్టుండ్రని నేనే అన్న," చెప్పింది అవ్వ. "రోలు మీద పెట్టి రోకలితోని కొట్టిండ్రు. రెండు దెబ్బలు. మీ బాపు తాటిచెట్టు మీదికెల్లి పడలే, బిడ్డా. నేనే కొట్టిచ్చిన."

తర్వాత మిలిట్రీ వచ్చి, దళానికి అన్నం పెట్టారని ఆమె నాయినను అదే వాకిట్లో కొట్టిందట. ఆమెను మొగుళ్లపల్లి దిక్కు ఇచ్చి పెళ్లి చేసి పంపేశారు. మళ్లీ ఆ ఊరు తొక్కలేదు. చెప్పడం అయ్యాక ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. నేను పట్టుకోనిస్తానో లేదో చూస్తూ కూర్చుంది. నేను ముఖం గోడవైపు తిప్పుకున్నాను.

ఆ తర్వాత డయాలసిస్‌కు వెళ్లలేదు. ఒక వాయిదా తప్పింది, రెండోదీ తప్పింది. ఇంట్లో కూర్చొని ఒకటే ఆలోచన. బాపు ఒకడికి నీళ్లివ్వలేదు, ఆ దాహం వచ్చి నాకు తగులుకుంది. లేకపోతే ఇన్ని రోగాలుండగా నీళ్లు తాగలేని రోగమే నాకెందుకు రావాలి? దేవుడు లేడన్నవాణ్ని, కర్మ మాత్రం ఉందని నమ్మేశాను. కాళ్లు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకొని కూర్చున్నాను. భార్య కాళ్లావేళ్లా పడింది. ఇది మా బాపు చేసిన పాపం, నాతో పోనీ అన్నాను. ఇంకో రెండు రోజులు అట్లాగే ఉంటే పోయేవాణ్ని, అందులో అనుమానం లేదు.

మూడో వాయిదా రోజు పొద్దున అవ్వ ఆటోలో మా ఇంటికి వచ్చింది. గోడకు ఆనుకున్న నా పక్కనే నేల మీద కూర్చుంది. నా భార్య ఏడుస్తూ నేనన్న మాటలన్నీ చెప్పింది. అవ్వ అంతా విన్నది.

"మీ బాపు పాపం నిన్ను తాకిందంటవు," అన్నది. "మరి నా బిడ్డకు గిదే రోగమెందుకు వచ్చింది? నా పాపమా?"

నువ్వేం పాపం చేశావన్నాను. అప్పుడు చెప్పింది, ఎవరికీ చెప్పనిది. అన్నను ఇంటికి తెచ్చిన రోజు ఊళ్లో మందులిచ్చే ముసలాయన చూసి, దెబ్బలు తిన్నవాడికి నీళ్లియ్యకండి, గుండెకు నీరు పడుతుంది అన్నాడట. ఆ రోజుల్లో అందరూ నమ్మే మాటే. తల్లి మూతి పగిలి పడి ఉంది. కుండ కాపలా పిల్లకు అప్పజెప్పారు. ఆమె కుండ మీద మూత పెట్టి, దాని ముందు కూర్చుంది. అన్న మంచం మీంచి జారి, ఉబ్బిన కాళ్లు ఈడ్చుకుంటూ పాక్కుంటూ వచ్చాడు. కుండ మీద చెయ్యి వేశాడు. బతకాలి మా అన్న అని ఏడుస్తూ ఆ చేతిని కాలితో తన్నిందట. ఒకసారి కాదు.

డెబ్బై ఏళ్ల తర్వాత, కూతురు మంచం మీద ఉండగా, డాక్టరమ్మను అడిగింది, అన్నకు వచ్చింది ఏం రోగమని. కండలు నలిగితే అందులోని విషం నెత్తుట్లో కలిసి కిడ్నీలను మూసేస్తుందని, అన్నదీ కూతురిదీ చివరికి కిడ్నీల దగ్గరే ఆగే రోగాలేనని ఆమె చెప్పింది. మొదటి రోజే నీళ్లు బాగా తాగించి ఉంటే బతికేవాడా అని అవ్వ అడిగితే, బతికేవాడేమో, చెప్పలేనన్నది. అబద్ధం చెప్పలేదు, అందుకే ఆ డాక్టరమ్మంటే నాకు ఇష్టం అన్నది అవ్వ.

"మీ బాపు పాణభయానికి ఇయ్యలే. నేను పాణమసొంటి అన్నని ఇయ్యలే," అన్నది. "ఇద్దరం ఇయ్యలే, కొడుకా. గా రోగం మా ఇద్దరి మొకాలు చూసి మీ మీదికి రాలే. రోగం రోగమే. లే, మిషన్ ఖాళీగ ఉంది."

లేచాను. ఆటోలో ఆమె భుజం మీద తల పెట్టి, ఊపిరి కోసం కొట్టుకుంటూ, దవాఖాన దాకా వెళ్లాను. సూదులు గుచ్చేటప్పుడు కుడిచెయ్యి ఆమె వైపు నేనే చాపాను. ఆమె పట్టుకుంది. బాపు కుండల సంగతి, బస్సు సంగతి ఆ రోజే చెప్పాను. "చాలా, ఇంకింత పొయ్యాల్నా" అనేవాడంటే, ఆ మాట మళ్లీ చెప్పమంది. చెప్పాను. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. కూతురి గురించి మాట్లాడేటప్పుడు కూడా ఆమె ఏడవగా నేను చూడలేదు.

ఆ తర్వాత నేను ఒక్క వాయిదా తప్పలేదు. కొత్తగా వచ్చినవాళ్లు సూది చూసి వణికితే, నేను నా మంచం మీంచి వాళ్లకు గుక్క విద్య చెప్తున్నాను. కండక్టరు గొంతుతో చెప్తాను కాబట్టి భయపడైనా వింటారు.

అవ్వ పోవడానికి మూడు రోజుల ముందు ఆమె మనవరాలు ఫోన్ చేసింది, అవ్వ మంచాన పడింది, మిమ్మల్ని గ్లాసు తీసుకొని రమ్మంటోంది అని. సాయంత్రం వెళ్లాను. మనిషి బాగా చిక్కిపోయింది. నన్ను చూసి కళ్లతోనే నవ్వింది. అప్పటికి మాట కూడా పడిపోయింది, వేలితో తన నోరు చూపించింది. ఆ రోజుకు నాకు మిగిలిన నీళ్లు ఆ ఇత్తడి గ్లాసులో సగం ఉన్నాయి. చెంచా అందుకోబోతే తల అడ్డంగా ఊపింది. గ్లాసుతోనే పొయ్యమని. నేను ఎడమ చేత్తో గ్లాసు పట్టుకొని, ఆమె తల కొంచెం ఎత్తి, పెదాల మధ్య మెల్లగా వంచాను. మా బాపు మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. చాలా, ఇంకింత పొయ్యాల్నా?

చాలన్నట్టు కళ్లు మూసింది. తర్వాత గ్లాసు నా వైపు నెట్టింది. అడుగున మిగిలిన నీళ్లు నా నోట్లో పోసుకున్నాను. ఆమె గొంతు కదలలేదు. మనవరాలు కంగారుపడి, అవ్వకు నీళ్లు దిగుతలేవు, తుడిచేద్దామా అని బట్ట అందుకుంది. నా నోరు నిండుగా ఉంది కాబట్టి మాట్లాడలేకపోయాను. ఆగమ్మా అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాను. నాకు రోడ్డు పక్కన ఎండలో, వంకర చేత్తో ముంత పట్టుకొని కూర్చున్న బాపు కనిపిస్తున్నాడు. ఆమెకు ఎవరు కనిపిస్తున్నారో నాకు తెలుసు. కాసేపటికి ఆమె గొంతు ఒక్కసారి కదిలింది. అప్పుడు నేనూ మింగాను.